అమ్మ గంజు పారేసిన మా బావకు

అమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని తేలిన నెలలోనే మా ఇంట్లో సిల్వర్ గిన్నెలన్నీ, అంటే అల్యూమినియంవి, మాయమయ్యాయి. దొంగలు కాదు, మా బావ. ఎవరో పంపిన వీడియో చూసి, నల్లగొండ నుంచి బస్సెక్కి వచ్చి మరీ అన్నీ గోనెసంచిలో నింపి పాత సామానాయనకు అమ్మేశాడు. "అల్యూమినియం మెదడుకు ఎక్కుతదట. అత్తమ్మకు గిదే ఎసరు పెట్టింది" అన్నాడు.

వీడియో మొత్తం అబద్ధమైతే బాగుండేది. 1965లో కుందేళ్ల మెదడుకు అల్యూమినియం తగిలిస్తే నరాల కణాల్లో చిక్కుముళ్లు పడ్డాయి. 1970ల్లో డయాలసిస్ మీదున్న కొందరికి మాట తడబడి, మతి తప్పితే, వాళ్ల మెదడులో అల్యూమినియం దొరికింది. ఇంతవరకూ నిజమే. కానీ ఆ కుందేళ్ల చిక్కుముళ్లు, అల్జీమర్స్‌లోవి (డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే రకం అది) ఒకటి కావు. డయాలసిస్ వాళ్లకు డయాలసిస్‌కు వాడే నీళ్ల నుంచి, మందుల నుంచి లోహం చేరింది, బయటికి పంపడానికి పనిచేసే కిడ్నీలు లేవు. మనం మింగిన అల్యూమినియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో కలవదు. కలిసింది కూడా చాలావరకు మూత్రంలో పోతుంది. చింతపండు పులుసు సిల్వర్ గిన్నెలో రాత్రంతా ఉంచకండి, అంతే.

ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగినోళ్లను చూసిన జిల్లా మనది. ఏ రోగమొచ్చినా ముందు నీళ్లను, తర్వాత గిన్నెలను అనుమానిస్తాం, తప్పు లేదు. ఆ ఫ్లోరైడ్ తీయడానికి మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక కలుపుతారు. పటిక అంటే అల్యూమినియం ఉప్పే! ఈ సంగతి బావకు చెప్పలేదు. చెప్తే నల్లా కూడా పీకేస్తాడు.

అల్జీమర్స్ మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దల్లో ఇనుము, రాగి, జింకు పేరుకుని కనిపిస్తాయి. అవి గిన్నె గీకితే వచ్చినవి కావు. మెదడు నడిచేదే వాటితో. వాటి లెక్క తప్పడం వల్ల జబ్బు వస్తుందా, జబ్బు వల్ల లెక్క తప్పుతుందా అనేది ఇంకా తేలలేదు. సరే, ఇనుమును తీసేస్తే పోలా అని డెఫెరిప్రోన్ అనే మందుతో ట్రయల్ చేశారు. 2024లో ఫలితం వచ్చింది: మెదడులో ఇనుము తగ్గింది, మతిమరుపు మాత్రం మందు తీసుకున్నవాళ్లకే ఇంకా తొందరగా ముదిరింది. మాకు "హెవీ మెటల్ డీటాక్స్" పొడి డబ్బా నాలుగు వేలకు అంటగట్టినాయనకు ఈ ముక్క ఎవరైనా చదివి వినిపించండి.

ఆ పొడి తాగిస్తూ కూర్చున్న మూడు నెలల్లో విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించలేదు. వాటిలో తేడా వచ్చినా మతిమరుపు రావచ్చు. తర్వాత చూస్తే బి12 బాగా తక్కువ. ఇంజెక్షన్లతో నీరసం తగ్గింది, మతి తిరిగి రాలేదు. ముందే చేయించి ఉంటే ఏమయ్యేదో. ఆ కోపం నా మీదే.

అమ్మ రోజూ అన్నం వండే గంజుకు ఒక పక్క సొట్ట ఉండేది. ఆ సొట్ట దాకా నీళ్లు పోస్తే ఆరుగురికి ఎసరు సరిపోయేది. ఏ పేరూ గుర్తు లేని రోజుల్లో కూడా ఆ కొలత తప్పలేదు. స్టీలు గిన్నె వచ్చాక పొయ్యి దగ్గర చెంబు పట్టుకుని నిలబడిపోతోంది. పోయిన వారం కొత్త సిల్వర్ గంజు కొనుక్కొచ్చాను. చేతిలోకి తీసుకుని, చుట్టూ తిప్పి తిప్పి వేలితో తడిమి, "ఇది మనది కాదు బిడ్డా" అని పక్కన పెట్టేసింది.