మా నాన్న యాక్టింగ్ చెయ్యట్లేదు, మాట్లాడుతున్నారు

పోయిన వారం విశాఖలో ఒక ఆసుపత్రిలో, స్ట్రోక్ వచ్చి మాట దెబ్బతిన్న మా నాన్నకి భాష పరీక్ష చేశారు. ఆసుపత్రి పేరు అనవసరం. ముందు ఒక బొమ్మ పెట్టారు. వంటింట్లో తల్లి పళ్ళెం తుడుస్తోంది, సింకు నిండి నీళ్ళు నేల మీదికి పొంగుతున్నాయి. వెనకాల పిల్లాడు స్టూలెక్కి బిస్కెట్ల డబ్బా అందుకుంటున్నాడు, స్టూలు ఒరిగిపోతోంది. పక్కన చెల్లెలు చెయ్యి చాపి నిలబడింది. "ఏం జరుగుతోందో చెప్పండి" అన్నారు.

నాన్న కాసేపు చూశారు. ఎడమచేత్తో బల్ల మీద చరిచి "ఒరే! దిగు!" అన్నారు. వెంటనే గొంతు సన్నగా చేసి, చెయ్యి చాపి "నాకూ... నాకూ" అన్నారు. తర్వాత సింకు మీద వేలు పెట్టి "అయ్యయ్యో".

బొమ్మలో ఉన్నదంతా చెప్పేశారు కదా! కాగితం మీద మాత్రం పూర్తి వాక్యాలు సున్నా అని పడింది. పైగా "మీ నాన్నగారు యాక్టింగ్ చేస్తున్నారు, మాటలతో చెప్పమనండి" అని నాతో అన్నారు. ఆయన ఎదురుగా కూర్చునుండగా, నాతో! ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

నాన్న పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపారు. పద్నాలుగు నెలల కిందట స్ట్రోక్ వచ్చింది. మెదడు ఎడమవైపు దెబ్బ తింది, కుడిచెయ్యి బలహీనపడింది, మాట పోయింది. దీన్ని అఫేసియా అంటారు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఇది వస్తుంది. తెలివి పోదు. మనుషులు గుర్తుంటారు, లెక్క తెలుస్తుంది, కోపం వస్తుంది, సిగ్గూ వేస్తుంది. నాన్నకి పోయింది మాటల మధ్య అతుకులు. పేర్లు, ఒకటీ అరా క్రియలు మిగిలాయి. "చెప్పాడని", "వస్తే", "వెళ్ళమంటే" లాంటివి నోటికి రావు.

అతుకులు లేకుండా మనిషి కథ ఎలా చెప్తాడు? ఆటో సంగతి వినండి. పూర్ణా మార్కెట్ నుంచి కంచరపాలెం వస్తూ ఆటో అబ్బాయితో బేరం జరిగిందట. ఇంటికొచ్చి అమ్మకి ఇలా చెప్పారు. ముందు "ఆటో" అన్నారు. ఒళ్ళు వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి "రెండొందలు!" అన్నారు, అది ఆటో అబ్బాయి. నిటారుగా కూర్చుని, కనుబొమలు ముడిచి "ఏటీ?", ఇది తను. లేచి రెండడుగులు నడిచి వెళ్ళిపోతున్నట్టు చూపించారు. మళ్ళీ ఆ కుర్రాడి గొంతుతో "తాతా, తాతా, ఎక్కు ఎక్కు!". చివర్లో కళ్ళలో మెరుపు. ఎవరు ఏమన్నారో, ఎవరు దిగొచ్చారో అమ్మకి మొత్తం అర్థమైంది. "అని" లేదు, "అన్నాడు" లేదు. ఆ పని గొంతు చేసింది, గడ్డం చేసింది, మెడ చేసింది.

ఇది మా నాన్న ఒక్కరి అలవాటు కాదు. ఇంగ్లండులో రే విల్కిన్సన్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు అఫేసియా ఉన్నవాళ్ళ సంభాషణలు రికార్డు చేసి చూశారు. వాక్యం కట్టలేనివాళ్ళు జరిగినదాన్ని ఒంటితో, గొంతుతో చేసి చూపిస్తూ, ఇతరుల మాటల్ని ఉన్నవున్నట్టు దించుతూ కథ నడుపుతారని 2010లోనే రాశారు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. ఏం అడిగినా "టాన్, టాన్" తప్ప మాట రాదు. ఆయన కూడా రకరకాల సైగలతో తన భావం చెప్పేవాడని బ్రోకానే రాశారు. నూట అరవై ఏళ్ళ నాటి సంగతి ఇది. ఇంకా మనం వాక్యాలే లెక్కపెడుతున్నాం.

చెప్పడంతోపాటు వినడం కూడా ఉంది. ఇక్కడ తప్పు ఇంట్లోవాళ్ళదే, ముందు నాది. మొన్న బాబాయి అనకాపల్లి నుంచి ఫోన్ చేశాడు, ఫ్యాన్ బాగుచేసే అబ్బాయిని పంపుతున్నానని. నేను వంటింట్లోంచే "నాన్నా, బాబాయి ఫోన్ చేశాడు, రేపు పొద్దున వస్తాడన్నాడు" అని అరిచాను. "వస్తానన్నాడు" అయితే బాబాయే వస్తాడు. "వస్తాడన్నాడు" అంటే వేరే ఎవరో. తేడా అంతా ఒక్క అక్షరంలో ఉంది. మనకి ఆలోచించకుండానే తెలిసిపోతుంది. నాన్నకి ఆ అక్షరం అందలేదు. మర్నాడు ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి అరుగు మీద కూర్చున్నారు. పదకొండింటికి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరో కుర్రాడు వస్తే, వాడి వెనకాల వీధి చివరిదాకా చూశారు తమ్ముడి కోసం. ఆ చూపు నేను మర్చిపోలేను.

మన ఇళ్ళలో మాటలెలా ఉంటాయి? "డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారని అమ్మ నీకు చెప్పమంది." ముగ్గురు మనుషులు, ఒకే ఊపిరి, ఆ ముగ్గురినీ కలిపేవి చిన్న చిన్న ముక్కలు. నాన్నకి జారిపోయేవి సరిగ్గా అవే. ఇప్పుడు నేను ఎదురుగా కూర్చుని, ముందు "డాక్టరు గారు" అని, ఒక్క క్షణం ఆగి, ఆయన గొంతుతోనే "ఉప్పు తగ్గించండి" అంటున్నాను. నాన్న తలూపుతున్నారు. మర్నాడు పచ్చడి గిన్నె తనే పక్కకి జరిపారు. నెదర్లాండ్స్‌లో రిమ్‌కె గ్రూనెవోల్డ్ అనే పరిశోధకురాలి బృందం 2014లో డచ్ మాట్లాడే అఫేసియా రోగుల మీద దీన్ని పరీక్షించింది. ఇతరుల మాటల్ని నేరుగా దించి చెప్పిన కథలు వాళ్ళకి బాగా అర్థమయ్యాయి. డచ్చి సంగతి డచ్చిది, తెలుగులో నా కళ్ళతో నేను రోజూ చూస్తున్నాను.

చుట్టాలకీ, ఇరుగుపొరుగుకీ ఒక మాట. ఇంటికొచ్చి, నాన్న పక్కనే కూర్చుని, "ఏమంటున్నారు మీ నాన్న?" అని నన్ను అడగకండి. ఆయన్నే అడగండి. అర నిమిషం పడుతుంది, ఆగండి. మధ్యలో మాట అందించకండి. ఆయన మాటని నేను "అంటున్నారు" అని అప్పజెప్పడం మొదలుపెడితే ఆ గదిలో ఆయన లేనట్టే. స్ట్రోక్ వచ్చిన కొత్తలో ఐదారు నెలలు నేను అదే చేశాను. ఆ నెలల్లో నాన్న అసలు మాట్లాడటమే మానేశారు.

పరీక్ష పెట్టేవాళ్ళ మీద నాకు కక్ష లేదు. వాళ్ళకి మనుషులెక్కువ, టైం తక్కువ. కానీ ఆ కాగితంలో ఇంకొక గడి ఉండాలి: ఈయన చెప్పినది ఎదుటివాళ్ళకి అర్థమైందా, లేదా?

వచ్చే గురువారం మళ్ళీ అపాయింట్‌మెంట్ ఉంది. నాన్నని అడిగి, ఆటో కథ మళ్ళీ చెప్పించి ఫోన్‌లో రికార్డు చేశాను. రెండు నిమిషాలు కూడా లేదు. బొమ్మ బల్ల మీద పెట్టేముందు ఆ రికార్డింగ్ ఒక్కసారి చూడమని అడుగుతాను.