చంటిబిడ్డ తిండిలో ఏముందో ఆ తల్లే తేల్చుకోవాలా?

మా పాపకి ఆరు నెలలు నిండి గట్టి తిండి మొదలుపెట్టిన రోజుల్లో, రాత్రి అది పడుకున్నాక వంటింట్లో నిలబడి సీరియల్ డబ్బా వెనక్కి తిప్పి చదువుతూ ఉండేదాన్ని. ఐరన్ ఇంత, జింక్ ఇంత, ఫలానా విటమిన్ ఇంత అని అన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో వరసగా ఉన్నాయి, మట్టిలోంచి పంటలోకి చేరే విషాలు, అంటే సీసం (లెడ్) ఎంత, ఆర్సెనిక్ ఎంత అన్న లైను మాత్రం ఎంత వెతికినా లేదు. కంపెనీకి మెయిల్ పెట్టాను, మా ఉత్పత్తులన్నీ అనుమతించిన పరిమితుల్లోనే ఉన్నాయి అని జవాబొచ్చింది. ఆ పరిమితి ఎంత, ఈ డబ్బాలో ఎంత అని మళ్లీ అడిగితే అదే వాక్యం మళ్లీ పంపారు.

ఇంత చిన్న విషయానికి ఎందుకంత కంగారు, మనం తిని పెరగలేదా అనేవాళ్లు ఇంట్లోనూ ఉంటారు బయటా ఉంటారు. కానీ చంటిపిల్ల ఒళ్లు మన ఒళ్లు లాంటిది కాదండీ. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికంటే 4, 5 రెట్లు ఎక్కువ పిల్లల ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. ఎముకలు పెరుగుతున్న ఒళ్లు కదా, కాల్షియం కోసం ఆవురావురుమంటూ ఉంటుంది, సీసం ఆ కాల్షియం వేషంలోనే పేగుల్లోంచి రక్తంలోకి, అక్కడినుంచి ఎముకల్లోకి మెదడులోకి దూరిపోతుంది, ఐరన్ తక్కువగా ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. పైగా బరువుతో పోల్చి చూస్తే పసివాళ్లు మనకంటే చాలా ఎక్కువ తింటారు తాగుతారు, అదీ రోజూ అవే రెండు మూడు రకాలు. కాబట్టి మనకి ఏమీ కాలేదు కదా అన్న మాట ఇక్కడ చెల్లదు.

జపాన్‌లోని మినమాటా సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో చేపల్లోకి చేరింది, ఆ చేపలు తిన్నవాళ్లకి వచ్చిన జబ్బు 1956లో బయటపడింది. మాయ (ప్లాసెంటా) అడ్డుగా ఉంటుంది, కడుపులో బిడ్డకి విషం చేరదు అని ఆ రోజుల్లో డాక్టర్లు నమ్మేవాళ్లు. కానీ పైకి బాగానే కనిపించిన తల్లులకి కూడా నడవలేని, మాట్లాడలేని పిల్లలు పుట్టారు.

2008లో చైనాలో జరిగింది ఇంకో రకం. నీళ్లు కలిపిన పాలు ప్రొటీన్ పరీక్షలో దొరక్కుండా నైట్రోజన్ ఎక్కువుండే మెలమిన్ అనే రసాయనం కలిపారు, ఆ పరీక్ష నైట్రోజన్‌నే కొలుస్తుంది కాబట్టి సరిపోయినట్టు చూపించింది, 3 లక్షల మంది దాకా పసిపిల్లలు జబ్బు పడ్డారు, కిడ్నీల్లో రాళ్లు, 6గురు చనిపోయారు. ఆ డబ్బాలు కొన్న తల్లిదండ్రులు ఏం తప్పు చేశారు చెప్పండి?

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, నేనూ చేశాను. వరి నీళ్లలో నిలబడి పెరిగే పైరు కాబట్టి మట్టిలో ఆర్సెనిక్‌ని ఎక్కువ లాక్కుంటుంది, అందుకని రోజూ బియ్యం సీరియలే పెట్టకుండా ఓట్స్, బార్లీ మార్చి మార్చి పెట్టాను. అన్నం వండేటప్పుడు ఒక వంతు బియ్యానికి 6 నుంచి 10 వంతుల నీళ్లు పోసి వార్చేస్తే ఆర్సెనిక్ దాదాపు సగం పోతుంది. పోతపాలు వేడి నీళ్లతో ప్లాస్టిక్ సీసాలో గిలకొట్టడం మానేసి, గాజు గిన్నెలో కలిపి చల్లారాక సీసాలో పోశాను, ఎందుకంటే 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్లు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసాలు లీటరుకి కోటీ 60 లక్షల దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు, అంటే సన్నని ప్లాస్టిక్ తునకలు, వదులుతాయని, నీళ్లు వేడెక్కేకొద్దీ పెరుగుతాయని చూపించారు. వాటివల్ల బిడ్డకి ఎంత హాని అన్నది ఇంకా తేలాల్సి ఉంది, అయినా తేలేదాకా ఆగడం నావల్ల కాలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ఈ భయంతో ఎవరూ చనుబాలు మానిపించకండి.

అయితే ఇంట్లో చేసేది కొంతవరకే. క్యారెట్ ఇంట్లో ఉడికించి మెత్తగా చేసినా అది పెరిగిన మట్టి మారదు కదా. ఈ బరువంతా నిద్రలేని బాలింత మీద పెట్టడం అన్యాయం అనేదే నా బాధ. అమెరికాలో తిండి, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో పసిపిల్లల తిండిలో సీసానికి చాలా రకాలకి 10 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 10 వంతులు), పొడి సీరియల్స్‌కి 20 పీపీబీ అని పరిమితి పెట్టింది, అదీ సలహాగానే. సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే ఆ 20కి అర్థం ఏంటి, తయారుచేసేవాళ్లు అందుకోగలిగిన అంకె అనే కదా? పరిమితిలోనే ఉంది అంటే నాకు సరిపోదు, ఎంత ఉందో చెప్పాలి. చెప్పడం కుదరనిదేం కాదు, కాలిఫోర్నియా చట్టం వల్ల 2025 నుంచి అక్కడ అమ్మే బేబీ ఫుడ్‌కి సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం పరీక్షల ఫలితాలు కంపెనీలు వెబ్‌సైట్‌లో పెట్టాల్సి వస్తోంది. ఒకచోట పెట్టగలిగినవాళ్లు అన్నిచోట్లా ఎందుకు పెట్టరు?

ఇది చదివేవాళ్లలో పసిపిల్లలున్న ఇళ్లు చాలా ఉంటాయి. డబ్బా మీదున్న లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) ఫోటో తీసి, ఈ లాట్‌లో సీసం ఎంత వచ్చింది అని ఒక్క లైను కంపెనీకి రాయండి. నేను మొన్న మూడోసారి రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.