వెండి రంగు పూయించుకున్న పాత ఉక్కు వంతెన గారికి

మహారాజశ్రీ వంతెన గారి సముఖానికి,

నిన్న మధ్యాహ్నమంతా తమరి ముఖద్వారం ముందు నిలబెట్టినందుకు కృతజ్ఞతలు. ‘మరమ్మతులు జరుగుచున్నవి, సహకరించగలరు’ అన్న బోర్డును కంఠస్థం అయ్యేదాకా చదివి సహకరించాము. తీరా దారి వదిలాక చూస్తే, ఒళ్లంతా కొత్త వెండి రంగుతో తమరు మెరిసిపోతున్నారు. మరమ్మతు అంటే అదేనట.

తమరి వంశమంటే నాకు గౌరవమే. 1844లో థామస్ ప్రాట్, ఆయన తండ్రి కేలబ్ కలిసి పేటెంటు పొందిన చట్రం తమరిది. మధ్యకు దిగే ఏటవాలు కమ్మీలు లాగుడును, నిలువు కమ్మీలు నొక్కుడును భరిస్తాయి. లాగుడులో ఉన్న కమ్మీకి వంగిపోయే భయం లేదు కనుక పొడవైనదాన్ని సన్నగా, పొట్టిదాన్ని దిట్టంగా చేసి ఉక్కు ఆదా చేశారు. అంత లెక్కగా కట్టిన ఒంటికి ఇంత లెక్కలేని సేవ! రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిన తమరి ఇరుకుతనాన్ని క్షమించాను. 2013లో ఎత్తైన లోడు లారీ పై కమ్మీలకు తగిలి, అమెరికాలో స్కాగిట్ నది మీది తమరి బంధువు ఒక స్పానును, అంటే రెండు స్తంభాల నడుమ భాగాన్ని, నీళ్లపాలు చేసుకున్న సంగతీ ఇప్పుడు ఎత్తను.

ఆ రంగును మాత్రం క్షమించలేను. కింది దూలానికి ఏటవాలు కమ్మీ వచ్చి కలిసే చోట, మోకాలి ఎత్తులో, కమ్మీలను కలిపి పట్టే గసెట్ పలకను దగ్గరగా చూశాను. తుప్పు తాను తినేసిన ఉక్కు కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కదా, పలకల సందులో అది పొరలు పొరలుగా ఉబ్బి, రివెట్ల నడుమ అంచును బయటికి నెట్టేసింది. ఎర్రగా కాల్చి దిగ్గొట్టిన రివెట్టు చల్లారుతూ కుదించుకుని పలకలను బిగించి పట్టాలి. అక్కడ ఒక రివెట్టుకు తలే అరిగిపోయింది. వీటన్నిటి మీదుగా బ్రష్షు నిశ్చింతగా నడిచింది. గీకలేదు, తుడవలేదు, రంగుకు ముందు వేయాల్సిన అడుగుపూత, ప్రైమర్ ఊసే లేదు. ఊడుతున్న పెచ్చులతో పాటు ఒక పావురం ఈక కూడా వెండి పూతలో భద్రంగా ఉంది. పుండు కడగకుండా పౌడరు అద్దడమంటే ఇదే.

2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ రహదారి వంతెన కూలి 13 మంది చనిపోయారు. అక్కడ తప్పు తుప్పుది కాదు, గసెట్ పలకలను ఉండవలసిన మందంలో దాదాపు సగానికే రూపొందించిన వారిది. అయితే కూలడానికి ఏళ్ల ముందు తీసిన ఫొటోలలోనే ఆ పలకలు వంగి ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. కనబడుతున్నదాన్నే చూడని లోకంలో, కనబడకుండా రంగు పూయడాన్ని మరమ్మతు అనకూడదు, మోసం అనాలి. బిల్లులో ఏ పేరు రాసుకున్నా మోసమే!

తమరిని తిట్టడం లేదు. ఇన్ని లారీలను మోస్తూ కిక్కురుమనని ముసలి ప్రాణం తమరిది. సుత్తితో తట్టితే వదులైన రివెట్టు చప్పుడులోనే దొరికిపోతుంది. ఆ మాత్రం తట్టించమనీ, కమ్మీలు కలిసే ఆ ఒక్క చోటునైనా శుభ్రంగా గీకించి చూడమనీ అర్జీ పెడుతున్నాను. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, ఇప్పుడైతే గోటితో గీకినా వచ్చేస్తుంది.