సవరణ: క్లోనింగ్‌ని ఐరాస నిషేధించలేదు

మొన్నటి పోస్టులో "2005లో ఐక్యరాజ్యసమితి క్లోనింగ్‌ని పూర్తిగా నిషేధించింది, మన దేశమూ ఒప్పుకుంది" అని రాసేశాను. రెండూ తప్పే. ఆ మార్చి 8న జనరల్ అసెంబ్లీలో నెగ్గింది మనుషుల క్లోనింగ్ (ఒకరి కణంలోంచి అచ్చం అదే జన్యువులున్న పిండాన్ని తయారుచేయడం) మీద ఒక ప్రకటన మాత్రమే, దానికి ఏ దేశమూ కట్టుబడి తీరాలని లేదు. అనుకూలంగా 84, వ్యతిరేకంగా 34, తటస్థంగా 37. భారత్ వ్యతిరేకంగానే ఓటేసింది, బ్రిటన్, చైనాలూ అంతే.

గొడవంతా ఆ ప్రకటన వద్దన్న "మానవ గౌరవానికి విరుద్ధమైన" క్లోనింగ్ అన్న మాట దగ్గరే, అందులో ఏవేవి వస్తాయన్నదే తగువు. బిడ్డను పుట్టించే క్లోనింగ్ వద్దని దాదాపు అందరూ అన్నవాళ్లే. అండంలోంచి కేంద్రకం తీసేసి, రోగి కణంలోని కేంద్రకం పెట్టి, ఐదారు రోజులు గాజు పళ్లెంలో పెంచి మూలకణాలు (రకరకాల కణాలుగా మారగలిగేవి) తీసుకునే చికిత్సా క్లోనింగ్‌లో గర్భాశయం ఊసే ఉండదు, అయినా పిండం నాశనమవుతుంది కదా అన్నది ప్రకటనకు అనుకూలంగా ఉన్నవాళ్ల బాధ, దాన్ని నేను మరీ తేలిగ్గా కొట్టిపారేశాను. పాత పోస్టు దిద్దాను.