సవరణ: పళ్ల క్లిప్పుల బిల్లు చెరి సగం కాదు

కాలిఫోర్నియాలో విడాకులైన తల్లిదండ్రులు, బీమా భరించని పిల్లల వైద్య ఖర్చును చెరి సగం పెట్టుకోవాలని పోయిన వారం రాశాను. తప్పు నాదే, అది పాత పద్ధతి. 2024 సెప్టెంబరు 1 నుంచి అక్కడి కుటుంబ చట్టం 4061వ సెక్షన్ కింద ఇద్దరి నికరాదాయాల నిష్పత్తిలో పంచుతారు. సగం సగం కావాలంటే అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి.

పళ్ల క్లిప్పులకు బీమా పోగా 3,000 డాలర్లు మిగిలిందనుకోండి. పోషణ సొమ్ము సర్దాక తండ్రి ఆదాయం నెలకు 6,000, తల్లిది 4,000 అయితే ఆయన వాటా 1,800, ఆమెది 1,200. నా మాట నమ్మి ఉంటే ఆమెకు 300 డాలర్ల చేతిచమురు!

పాత ఉత్తర్వులో సగమని ఉంటే మాత్రం, కోర్టు మార్చేదాకా అదే చెల్లుతుంది. ఖర్చు పడిన 30 రోజుల్లోగా బిల్లు వివరాలు రెండోవారికి పంపాలన్న మాటలో మార్పు లేదు.