సవరణ: రెవిట్‌లో సేవ్ ఆలస్యానికి కారణం ర్యామ్ కాదు

విజయనగరంలో మా ఆఫీసులో రెవిట్ అనే భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తున్న బొబ్బిలి కల్యాణ మండపం మోడల్ సేవ్ అవడానికి చాలాసేపు పడుతోందని, ర్యామ్‌ను 16 జీబీ నుంచి 32కి పెంచితే సరిపోతుందని పోయిన వారం రాశాను. అది తప్పు.

ర్యామ్ పెంచాక కూడా ఆలస్యం తగ్గలేదు. ఎవరి కంప్యూటర్లో వాళ్లకుండే లోకల్ కాపీ సేవ్ చేస్తే వెంటనే అయిపోతోంది. అందరి పనీ కలిసే సెంట్రల్ ఫైల్‌తో సింక్ చేసినప్పుడే, అంటే మన మార్పుల్ని అందులోకి పంపినప్పుడే ఆగుతోంది. ఈ రెండూ ఒకటే అనుకుని రాసేశాను, అక్కడే పొరపాటు పడ్డాను.

రెవిట్ తను చేసే పనులన్నీ టైముతో సహా జర్నల్ ఫైల్‌లో రాసుకుంటుంది. అందరి జర్నళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసింది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఐదుగురం ఒకేసారి సింక్ నొక్కుతున్నాం. సెంట్రల్ ఫైల్‌లోకి ఒకసారికి ఒక్కరి మార్పులే వెళ్తాయి, మిగతావాళ్లు వరసలో ఆగాల్సిందే. సాఫ్ట్‌వేర్ సహాయ పేజీల్లోనూ ఇదే ఉంది. పైగా సింక్ ముందుగా మిగతావాళ్ల మార్పుల్ని మన కాపీలోకి తెస్తుంది. పొద్దుట్నుంచి ఒక్కసారీ చేయనివాళ్లకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇప్పుడు ముందు రీలోడ్ లేటెస్ట్ చేసి, అంటే మిగతావాళ్ల మార్పుల్ని మాత్రం మన కాపీలోకి తెచ్చుకుని, ఒకరికొకరు చెప్పుకుని సింక్ చేస్తున్నాం. పెద్ద మోడల్ తెరవడానికి ర్యామ్ కావాలి, కాదనను. కానీ నా పోస్టు చూసి ర్యామ్ కొంటానన్న ఆమదాలవలస తమ్ముడూ, ఆగు. ముందు మీ జర్నల్ తెరిచి చూడు.