ఆకులు, వేర్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి

‘ఆకులు, వేర్లే కదా! పనిచేస్తే మంచిదే, చేయకపోతే పోయేదేముంది?’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మూలికల మీద నమ్మకం లేక కాదు, ఉండబట్టే. ఒంటి మీద పనిచేసే మందు ఏదైనా మోతాదు తప్పితే, పడని మనిషికి ఇస్తే చెరుపు చేస్తుంది. ఆ మాట చెప్పకుండా ‘ప్రకృతి సిద్ధం’ అని రాసి అమ్మడం మోసం.

మా చిన్నమ్మది హనుమకొండ. అరవై దాటాయి, చాలా ఏళ్లుగా బీపీ మాత్రలు వాడుతోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, బండి మీద మూలికలు అమ్మే ఒకాయన దగ్గర నిద్ర చూర్ణం కొన్నది. ‘మీ మాత్రలు మీరు వేసుకోండమ్మా, దీని దారి దీనిదే’ అన్నాడట. కొన్ని వారాలకు ముక్కు దిబ్బడ పట్టుకుంది. జలుబు లేదు, తుమ్ము లేదు, ముక్కు మాత్రం మూసుకుపోయింది. మంచం మీది నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మేవి. గలగలా మాట్లాడే మనిషి పగలు కూడా గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. నిద్ర పడుతోంది కదా అని ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరోజు వంటింట్లో పడిపోయింది. బీపీ చూసిన డాక్టరు ‘ఇంకేమైనా వాడుతున్నారా?’ అని గట్టిగా అడిగితే గానీ ఆ పొట్లం బయటికి రాలేదు. దాని వెనక చిన్న అక్షరాల్లో, నాలుగైదు పేర్ల మధ్య, సర్పగంధ అని ఉంది.

సర్పగంధను, అంటే పాతాళగంధిని, మన దేశంలో ఉన్మాదానికీ నిద్రలేమికీ తరతరాలుగా వాడారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని, మనసును శాంతపరుస్తుందని రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలను బ్రిటన్ వైద్య పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి దాని అసలు మందు పదార్థమైన రిసర్పిన్‌ను వేరుచేశారు. ఆ తర్వాత అది మాత్రల రూపంలో ప్రపంచమంతా తిరిగింది. నరాల చివర్లలో నిల్వ ఉండే రసాయనాలను అది ఖాళీ చేస్తుంది. అందుకే మెల్లగా ఎక్కుతుంది, మానేసిన తర్వాత కూడా కొన్నాళ్లపాటు వదలదు. ముక్కు దిబ్బడ, బీపీ పడిపోవడం, దిగులు, ఇవన్నీ దశాబ్దాల కిందటే వైద్యులు రాసిపెట్టిన దుష్ఫలితాలే. ఇప్పటికే బీపీ మాత్ర వేసుకుంటున్న మనిషికి మోతాదు రాయని పొడిలో కలిపి దాన్ని అమ్మడాన్ని వైద్యం అనడానికి నాకు నోరు రాదు.

ఇంతకంటే నెమ్మదైనది పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ. దాని మీద నాకు గౌరవం ఎక్కువ. నిద్ర విషయంలో కొంత మేలు చేస్తుందని పరీక్షల్లో కూడా కనిపించింది. ఆ మేలు కూడా వారాల తరబడి వాడితేనే. ఒక్క గుటకలో నిద్రపుచ్చే మందు కాదది. పాత వైద్యులు దీన్ని క్షీరపాకంగా ఇచ్చేవారు. మూలిక ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్లు 32 వంతులు. అంటే 5 గ్రాముల పొడికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లన్నీ ఇగిరి పాలు మాత్రమే మిగిలేదాకా సన్నని సెగ మీద కాగాలి. కాగుతుంటే ముందు పచ్చి వేరు వాసన, కాస్త గుర్రపుసాల వాసన, ఘాటుగా లేస్తుంది. పోనుపోను పాల వాసన పైకి వస్తుంది. వడకడితే గోధుమరంగులో, అడుగున కొద్దిగా చేదుతో, చిన్న గిన్నెడు మిగులుతుంది. అరగంట పొయ్యి దగ్గర నిలబడి, ఫోను పక్కన పెట్టి, వేడివేడిగా తాగి పడుకోవడంలో ఉన్న నెమ్మది చక్కెర పట్టించిన రంగు బిళ్లల్లో ఎక్కడిది? అయినా ఇదీ అందరికీ పడదు. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు, కాలేయం దెబ్బతిన్నవారు వైద్యుణ్ని అడగకుండా ముట్టకూడదు. కాలేయానికి హాని జరిగిన కేసులు నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దీన్ని ఏకంగా నిషేధించింది. అంత దూరం పోవాలని నేను అనను గానీ, ప్రకటనల్లో ఈ సంగతి ఒక్క ముక్క కూడా ఎందుకు ఉండదు?

గసగసాల పాల మాట మరీ ముఖ్యం. మన ఇళ్లలో కూరలో వేస్తాం, నిద్రకని నూరి పాలలో కలుపుతాం, తప్పేమీ లేదు. కానీ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఊరు అరుదు. సౌదీ, యుఏఈలలో గసగసాలు నిషిద్ధం. అవి నల్లమందు మొక్క గింజలు, అక్కడి చట్టం వాటిని మాదకద్రవ్యాల లెక్కలోనే చూస్తుంది. ‘కొడుక్కి అక్కడ నిద్ర పట్టడం లేదట’ అని అమ్మ ప్రేమగా కట్టిన పొట్లం అతన్ని జైలుకు పంపగలదు. మసాలా పొడిలో కలిపినా అంతే. మీ వాడలో ఎవరైనా ప్రయాణం కడుతుంటే ఈ ఒక్క సంగతి చెప్పండి, చాలు.

ఇక కల్లు. తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చిన కల్లు అని నమ్మి తాగేవాళ్లకు అందులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి పోస్తున్నారు. ఇవి నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు చీటీ మీద రాసే మందులు! దాడులు జరిగి కల్తీ సరుకు ఆగినప్పుడల్లా మన జిల్లాల ఆసుపత్రులకు చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ కూలీలు వస్తారు. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసిన మనిషి కోరుకున్నది కాస్త కునుకు. ఆ కునుకును ఎరగా వేసి వాళ్లను బానిసలను చేసినవాళ్ల మీద రావలసినంత కోపం మన పట్టణాల్లో రావడం లేదు.

నిద్ర పట్టని వాళ్లకు నేను చెప్పేది ఇది. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, దానికి ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లండి. వాడుతున్న మాత్రలన్నీ, ఇంట్లో దాచిన చూర్ణాలన్నీ ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి. వైద్యులకూ ఒక మనవి. ఏ వైద్యమైనా సరే, చీటీ రాసే ముందు ‘ఇంట్లో ఇంకేమైనా పొడి, కషాయం, లేహ్యం తీసుకుంటున్నారా?’ అని అడగండి. రోగి అవునంటే ‘అదంతా చెత్త’ అని కసురుకోకండి. మా చిన్నమ్మ పొట్లం అన్ని వారాలు దాచింది ఆ కసురుకు భయపడే.